ఫ్రిజ్ తలుపు మీది కాగితం ఎవరి కోసం?

గచ్చిబౌలిలోనో నానక్‌రామ్‌గూడలోనో ఒక ఇంజినీరు ప్రాజెక్టు మారుతున్నాడంటే ముందు కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, జరగాలి. కొత్తగా వచ్చే మనిషితో రోజుల తరబడి కూర్చుంటారు. ఏ సర్వరు ఎప్పుడు మొరాయిస్తుందో, అర్ధరాత్రి అలారం మోగితే మొదట ఏం చూడాలో, ఎంత ముదిరితే ఎవరిని నిద్ర లేపాలో చెప్పి, రాసి, ఆ మనిషి చేత ఒకసారి చేయించి చూశాక గానీ వదలరు. అదే ఇంజినీరు ఇంట్లో తొమ్మిది నెలల పాపను కొత్త ఆయాకు అప్పజెప్పే పని మాత్రం చెప్పులు తొడుక్కుంటూ, లిఫ్టు వచ్చేలోపు ముగిసిపోతుంది. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, పదకొండింటికి పడుకోబెట్టండి, ఏమైనా ఉంటే కాల్ చేయండి. అంతే. ఇంకాస్త శ్రద్ధ ఉన్న ఇళ్లలో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంటుంది, ఇంగ్లిష్‌లో టైపు చేసి, రంగుల గడులు గీసి. దాన్ని చదవగలిగేది చాలాసార్లు రాసినవాళ్లే. ఇందులో ఆయా తెలివితక్కువతనమూ లేదు, తల్లిదండ్రుల నిర్లక్ష్యమూ లేదు. సూచనలంటే ఏమిటన్నదే మనం సరిగా ఆలోచించలేదు. ఆయాకిచ్చే సూచనలు చేయకూడని పనుల పట్టిక కాదు. మనం లేని ఎనిమిది పది గంటలూ నిర్ణయాలు తీసుకునే అధికారాన్ని ఆమె చేతిలో పెట్టడం. వేటికి ఆమె మనల్ని అడగనక్కర్లేదు, వేటికి వెంటనే ఫోన్ చేయాలి, వేటికి ఫోన్ కూడా పక్కన పెట్టి ముందు పనిలోకి దిగాలి? ఈ మూడూ తేల్చుకోవలసింది ఆమె కాదు, మనం.

హైదరాబాద్‌లోని ఈ ఐటీ కారిడార్‌లో ఆ బాధ్యత మరీ బరువుగా ఉంటుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి మాదాపూర్, కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల, తెల్లాపూర్, కోకాపేట దాకా పెరుగుతూ పోయిన అపార్టుమెంట్లలో ఎన్నో కుటుంబాలు వేరే ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడ్డవే. అమ్మమ్మ గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటుంది. పురిటికి వచ్చి, కొన్నాళ్లుండి, తాతయ్య ఒంటరిగా ఉన్నాడని వెళ్లిపోతుంది. ఆ తర్వాత దిక్కు ఆయానే. చట్టం కూడా ఈ అప్పగింతకు ముహూర్తం పెట్టినట్టే ఉంటుంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. అందులో 8 వారాలు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. మొత్తం కాన్పు తర్వాతకే దాచుకున్నా, సెలవు అయిపోయేసరికి బిడ్డకు ఆరు నెలలు. తల్లిపాలు తప్ప మరేదీ పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే గడువు తీరేదీ, రాగి జావ, మెత్తటి పప్పన్నం మొదలయ్యేదీ అప్పుడే. అంటే తిండి విషయంలో కొత్త నియమాలన్నీ పుట్టుకొచ్చే వారంలోనే తల్లి ఆఫీసుకు, బిడ్డ ఆయా ఒడిలోకి వెళ్తారు. 50 మందీ అంతకుమించీ ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సదుపాయం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలని కూడా అదే చట్టం చెప్పింది. మంచి నిబంధన. కానీ క్రెష్ రాయదుర్గంలో, ఇల్లు తెల్లాపూర్‌లో, క్లయింటు న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు సాయంత్రం కాల్స్ వేళ ఇంట్లోనే ఒక మనిషి కావాలి.

ఆయాకు చదువు రాదు కదా, రాసి ఏం లాభం అంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో స్త్రీల అక్షరాస్యత దాదాపు 58 శాతమే. పాలమూరు, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చినవాళ్లలో కొందరికి అక్షరాలు రావు. ఒడిశా, ఝార్ఖండ్, బెంగాల్ నుంచి ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్లకు చదువున్నా మన లిపి రాదు. అయితే చదువు లేనివాళ్లకు ప్రాణం మీదికొచ్చే విషయాలను పొల్లుపోకుండా నేర్పవచ్చని చూపించింది మన ఉపఖండమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్‌లోని బొన్‌గావ్‌లో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా బైకార్బనేట్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించారు. ముప్పై శాతం దాకా పోయిన మరణాలు ఆ వైద్యం నడిచినచోట నాలుగు శాతం లోపుకు దిగాయి. ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి 1990 దాకా కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు మనుషులను పంపి, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లతో ఆ ద్రవాన్ని ఇంట్లోనే చేసుకోవడం తల్లులకు నేర్పింది. కరపత్రాలు పంచలేదు. చెప్పాల్సిన మాటలు మొదట పది అనుకుని, తర్వాత ఏడుకు కుదించారు. తల్లి చేతే కలిపించి చూశారు. కొన్నాళ్లకు మరో బృందం వెళ్లి ఆమెకు ఎంత గుర్తుందో కనుక్కునేది. నేర్పిన కార్యకర్తకు వచ్చే డబ్బు ఆ జవాబులను బట్టి ఉండేది. ఇందులో నాకు బాగా నచ్చింది ఈ చివరి నిబంధనే. మరిచిపోతే తప్పు నేర్చుకున్న మనిషి మీద పడదు, నేర్పిన మనిషి మీద పడుతుంది.

మన ఇళ్లలో దీన్ని తిరగేస్తాం. పొద్దున్నే ఇరవై సంగతులు గడగడా చెప్పేసి, సాయంత్రం ఒకటి తప్పితే "చెప్పాను కదా" అంటాం. డాక్టర్లు చెప్పిన సమాచారంలో 40 నుంచి 80 శాతం రోగులు అక్కడికక్కడే మరిచిపోతారని 2003లో ఒక వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష లెక్కగట్టింది. చిన్నపిల్ల ఏడుస్తుండగా, కుక్కర్ కూస్తుండగా విన్న మాటలు ఆయాకు అంతకన్నా గుర్తుంటాయని ఎలా అనుకుంటాం? కాబట్టి మాటలు తగ్గించాలి, ఆమె భాషలో చెప్పాలి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజిగా పంపి మళ్లీ వినే వీలుంచాలి. వీలైతే మొదటి రెండు రోజులు తల్లిదండ్రుల్లో ఒకరు ఇంట్లో ఉండి, ఆమె చేస్తుంటే చూడాలి. "అర్థమైందా" అని అడగకూడదు, దానికి అందరూ తలూపుతారు. "పాపకు ఒళ్లు వేడిగా అనిపిస్తే మీరేం చేస్తారమ్మా?" అని అడగాలి. జవాబు తడబడితే సూచన మళ్లీ రాసుకోవాల్సింది మనమే.

బ్రాక్ లాగే మనమూ మాటలను ఏడుకు కుదిస్తే వాటిలో ఏముండాలి అన్నప్పుడు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది మందుల మీద. "జ్వరమొస్తే పారాసెటమాల్ వేయండి" అన్న వాక్యం చూడ్డానికి ఎంత స్పష్టంగా ఉందో అంత ప్రమాదకరం. మన మెడికల్ షాపుల్లో పిల్లల పారాసెటమాల్ ఒకటి కాదు. చుక్కల మందు ఉంది, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. సిరప్ ఉంది, 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు. దాని కంటే ఘాటైనది, 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములది, మరొకటి ఉంది. ఒకే కంపెనీ మందు, ఇంచుమించు ఒకే రకం డబ్బాలో, బడికెళ్లే అన్నదీ చంటి చెల్లిదీ ఒకే అలమారాలో ఉంటాయి. ఎనిమిది కిలోల పాపకు, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, 120 మిల్లీగ్రాములు పడుతుందనుకుందాం. మామూలు సిరప్ అయితే ఒక చెంచా, 5 మిల్లీలీటర్లు. అదే చెంచాతో చుక్కల మందు పోస్తే 500 మిల్లీగ్రాములు, నాలుగు రెట్లకు పైగా. ఇలాంటి పొరపాట్లు జరుగుతున్నాయనే అమెరికాలో తయారీదారులు 2011లో పిల్లల ద్రవ మందును ఒకే గాఢతకు మార్చుకున్నారు. ఇక్కడ ఆ పని ఇల్లే చేసుకోవాలి. ఆయాకు అందేచోట ఒకే సీసా ఉంచాలి, మిగతావి తాళంలోకి పోవాలి. మందు పట్టే సిరంజి మీద డాక్టరు చెప్పిన కొలత దగ్గర టేపు అంటించాలి. ఎన్ని గంటలకు ఇచ్చిందో ఆమె ఫోన్‌లో చెప్పాలి, మళ్లీ ఇవ్వాలంటే అడిగి ఇవ్వాలి. మంచి సూచన ఆయా జ్ఞాపకశక్తి మీద ఆధారపడదు. తప్పు చేసే అవకాశమే లేకుండా ఇంటిని ముందుగా సర్దిపెడుతుంది. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమొస్తే ఇంట్లో మందు ప్రస్తావనే ఉండకూడదు, నేరుగా డాక్టరు దగ్గరికే.

మహలనబిస్ తాగించినలాంటి ఉప్పు, గ్లూకోజు నీళ్ల కోసం ప్యాకెట్లలో దొరికే ఓఆర్ఎస్ పొడి కథా ఇలాంటిదే. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. పెద్దదాన్ని గ్లాసెడు నీళ్లలో కలిపితే ఉప్పు మోతాదు మించి కీడు చేస్తుంది. పైగా ఆ పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాలు మరో బెడద. వాటి మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. చదువుకున్నవాళ్లే అన్నేళ్లు మోసపోయారు. ఆయాను కిందికి దుకాణానికి పంపేటప్పుడు సరైన ప్యాకెట్ ఫొటో ఆమె ఫోన్‌లో ఉండటం అతి జాగ్రత్త అనిపించుకోదు.

ఇక ఫోన్ కన్నా ముందు చేతులు కదలాల్సిన సందర్భాలు. పల్లీ గింజ, శనగ, నిలువునా కోయని ద్రాక్షపండు, కొబ్బరి ముక్క చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయి. అప్పుడు అమ్మకు ఫోన్ చేసి, అమ్మ మీటింగ్ మ్యూట్‌లో పెట్టి, ఎత్తి, అర్థం చేసుకునే వ్యవధి ఉండదు. ఏడాది లోపు బిడ్డ దగ్గలేక, ఏడవలేక ఉక్కిరిబిక్కిరవుతుంటే, తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి భుజాల మధ్య ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదు నొక్కులు. కనిపించని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. బొమ్మ మీద ఒకసారి చేయించి చూపితే తప్ప ఇది ఏ కాగితంతోనూ రాదు, అది ఆయాకైనా ఎంబీఏ చదివిన తండ్రికైనా. తర్వాత 108. 2005 ఆగస్టు 15న ఈ హైదరాబాద్‌లోనే మొదలైన ఆ సేవకు ఫోన్ చేస్తే అవతలి మనిషి ముందు అడిగేది ఎక్కడి నుంచి అని. చుట్టూ గోడ, మూడు గేట్లు, పన్నెండు టవర్లు, ఇంగ్లిష్ పేర్లు ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో ఆయాకు తెలిసింది ఆటో దిగే చోటు, సర్వీస్ లిఫ్టు, ఎన్నో అంతస్తు అన్నది మాత్రమే కావచ్చు. పేరు, ఏ గేటు, దగ్గరలోని గుర్తు, టవరు, ఫ్లాట్ నంబరు ఆమె నోటితో రెండుసార్లు చెప్పించి వినాలి. కొన్ని బ్యాంకింగ్ ప్రాజెక్టుల ఫ్లోర్లలోకి మొబైల్ తీసుకెళ్లనివ్వరు. అలాంటిచోట పనిచేసేవాళ్లు "ఏమైనా ఉంటే కాల్ చేయండి" అనడానికి అర్థమే లేదు. డెస్క్ నంబరు, ఎదురు ఫ్లాట్ ఆంటీ నంబరు, ఆటోకు కొంత చిల్లర డబ్బు ఆమె దగ్గర ఉండాలి.

ముగ్గురు బిడ్డలను కని పెంచిన మనిషికి, నిన్నమొన్న తల్లయిన పిల్ల పాఠాలు చెప్పడమేంటి అన్నది ఇంకో అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఏడుపు ఆకలిదో, నిద్రదో, కడుపునొప్పిదో చెవితోనే పోల్చుకోగల ఆయాలున్నారు. ఆ నేర్పు ముందు పేరెంటింగ్ పుస్తకాలు దిగదుడుపే. ఎలా ఎత్తుకోవాలో, ఎలా నిద్రపుచ్చాలో ఆమెకు చెప్పకపోవడమే మర్యాద. కానీ అనుభవం సాధారణ పిల్లల గురించి చెబుతుంది, ఈ పాపకు గుడ్డు పడదని చెప్పదు. పైగా పాత అలవాట్లలో కొన్నిటిని వైద్యం వదిలేసింది. నాలుకకు వస రాయడం, తేనె నాకించడం, సాంబ్రాణి పొగ, కంట్లో కాటుక, బోర్లా పడుకోబెట్టి నిద్రపుచ్చడం ప్రేమతో చేసే పనులే, చాలా ఇళ్లలో అమ్మమ్మలు చేసినవే. ఏడాది లోపు పిల్లలకు తేనె వద్దనడానికి అందులో ఉండగల బొటులిజం సూక్ష్మజీవి కారణం, వెల్లకిలా పడుకోబెట్టమనడానికి నిద్రలో హఠాత్తుగా జరిగే మరణాలు తగ్గడం కారణం. కారణం చెబితే ఆమె తన పెంపకాన్ని తప్పుపట్టారని అనుకోదు. ఇందులో ఇంకో చిక్కు, ఇంట్లో ఇద్దరు యజమానులుండటం. అత్తగారు వస రాయమంటుంది, కోడలు రాయొద్దంటుంది, ఇద్దరి మధ్య నలిగేది ఆయా. ఆ తగవు తేలాకే సూచనలు వంటింట్లోకి రావాలి.

ఫోన్ చూపించొద్దు అన్న సూచన మరీ విడ్డూరం. రెండేళ్ల లోపు పిల్లలకు తెరలే వద్దని, ఐదేళ్ల వరకు గంట మించకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. ఇళ్లలో ఆయాకు అది కచ్చితంగా వర్తిస్తుంది, శని ఆదివారాల్లో తల్లిదండ్రులకు వర్తించదు. ఫోన్ లేనిదే ముద్ద మింగని అలవాటు ఎవరు చేశారో ఆమెకు తెలుసు. "గిన్నె మొత్తం ఖాళీ కావాలి, ఫోన్ మాత్రం ఇవ్వకూడదు" అంటే ఆమె ఏదో ఒకటి దాచక తప్పదు. "తినకపోతే వదిలేయండి, గంటాగి మళ్లీ పెట్టండి, మిగిలినా ఏమీ అనను" అన్నప్పుడే ఆ సూచనను పాటించడం సాధ్యమవుతుంది. ఇలాంటి అనుమతులు మన కాగితాల్లో ఉండవు. పాప నిద్రపోకుండా మారాం చేస్తే అంట్లు, బట్టలు ఆగిపోయినా పర్వాలేదన్న మాట కూడా ఉండదు. ఆయాగా పెట్టుకుని వంట, ఇల్లు ఊడవడం కూడా కలిపే ఇళ్లలో అయితే, రెండూ ఒకేసారి మీద పడ్డప్పుడు ఏది వదిలేయాలో చెప్పడం మొదటి సూచన కావాలి.

కెమెరాలున్నాయి కదా, ఇదంతా ఎందుకు అనేవాళ్లు ఉంటారు. కెమెరా ఉంచుకోవడంలో తప్పులేదు, ఉందని ఆమెకు చెప్పి ఉంచాలి. కానీ కెమెరా జరిగింది చూపుతుంది, జరగాల్సింది చెప్పదు. మీటింగ్ మధ్యలో నిమిషానికోసారి తెర మీద చూసే తల్లికి మనశ్శాంతీ రాదు. పిల్లవాడు సోఫా మీద నుంచి పడ్డ సంగతి సాయంత్రం తెలియాలంటే కెమెరా కన్నా ఆయా నోరు నమ్మదగింది, ఆమె నోరు విప్పడానికి భయపడకపోతే. అమెరికా, కెనడాల్లోని తొమ్మిది పిల్లల ఆస్పత్రుల్లో డాక్టర్లు షిఫ్టు మారేటప్పుడు రోగుల వివరాలు అప్పజెప్పే తీరును ఒక పద్ధతిలో పెట్టి, విన్న మనిషి తిరిగి చెప్పేలా చేస్తే, వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అప్పగింత రెండువైపులా ఉంటుంది. పొద్దున మనం చెప్పినట్టే సాయంత్రం ఆమె చెప్పాలి. ఎంత తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు, ఎక్కడైనా దెబ్బ తగిలిందా. తలకు దెబ్బ తగిలిన బిడ్డ రాత్రి వాంతి చేసుకుంటే ఆస్పత్రికి పరుగెత్తాలా వద్దా అన్నది ఆ ఒక్క సమాచారం మీద ఆధారపడుతుంది. పడ్డాడని చెప్పినందుకు ఒకసారి జీతం కోస్తే, రెండోసారి ఆమె చెప్పదు. జరిగిన ప్రమాదం చెప్పినందుకు శిక్ష ఉండదు, దాచితేనే తప్పు అని మొదటి రోజే ఆమెకు మాటివ్వాలి. కావాలని చేసిన హింసకు ఈ మాట వర్తించదని చెప్పనక్కర్లేదు.

ఇన్ని చెప్పాక ఆమెకు తెలియాల్సిన మరో సంగతి మిగులుతుంది. ఆమె పని ఎప్పుడు ముగుస్తుంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. ఇంటిపనివారికి పని గంటలు, వారపు సెలవు ఉండాలంటూ 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం తెస్తే భారత్ అనుకూలంగా ఓటు వేసింది, ఆమోదించడం మాత్రం నేటికీ జరగలేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోకూడదని 2006లోనే నిషేధం వచ్చినా, పాపను ఆడించడానికే కదా అంటూ పల్లె నుంచి చిన్నపిల్లను తెచ్చుకునే ఇళ్లున్నాయి. అది నేరం, అక్కడ సూచనల ప్రసక్తే లేదు. ఈ నగరంలోని నీలోఫర్ పిల్లల ఆస్పత్రి పుట్టుక వెనక యువరాణి నీలోఫర్ పరిచారిక ఒకామె కాన్పులో చనిపోయిన దుఃఖం ఉందంటారు. పనిమనిషి కష్టం యజమానుల లెక్కలోకి రావడానికి ఆమె ప్రాణం పోవాల్సిన అవసరం లేదు. సాయంత్రం ఏడింటికి వదులుతామన్న మనిషిని వాన పడి బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఇరుక్కుపోయామంటూ తొమ్మిదింటిదాకా ఆపితే, ఆమె ఇంట్లోనూ ఎదురుచూసే పిల్లలుంటారు. 2023 జులై వానలకు సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులను దశలవారీగా లాగౌట్ చేయించమని కంపెనీలకు చెప్పారు. ఆయా లాగౌట్ గురించి ఎవరూ చెప్పరు, ఇంటివాళ్లే చెప్పాలి. ఆలస్యమైతే గంటకు ఎంత అదనం, రాత్రయితే ఆటో ఎవరు పెట్టాలి, ఎంత దాటితే ఆమె ఎదురు ఫ్లాట్‌లో పాపను అప్పజెప్పి వెళ్లవచ్చు, ఇవన్నీ పాల కొలత పక్కనే ఉండాల్సిన విషయాలు. అమెరికా గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు జరుగుతాయి. క్లయింటు కాల్ నవంబరు నుంచి మనకు గంట ఆలస్యమవుతుంది, దాంతోపాటు కొండాపూర్ నుంచి ఆమె చివరి బస్సు కూడా తప్పిపోవచ్చు. ఆ మార్పు మీ క్యాలెండర్‌లో కనబడ్డ రోజే ఆమెకు చెప్పండి, ఆ గంటకు ఎంతిస్తారో కూడా.